ప్రథమాశ్వారోహణము - పూర్వాంగవిధి

చిత్తూరుజిల్లా ఐరాల మండలమున, బాహుదానదీతీరమందున్న కాణిపాకక్షేత్రమున వినాయకచవితితో బ్రహ్మోత్సవములు ప్రారంభమగును. ఆ యుత్సవములలో వరసిద్ధి వినాయకస్వామి హంస, మయూర, మూషిక, శేష, వృషభ, గజవాహనములతోపాటు అశ్వవాహనమును గూడ అధిరోహించి తిరువీధులలో ఊరేగును. మూషికవాహనుడని లోకమున ప్రసిద్ధి కెక్కిన దేవునకు గుఱ్ఱమేల యని శంకించువారు కలరు. గణేశపురాణము యుగభేదముచే వాహనభేదమును చెప్పినది. కృతయుగమున సింహము, త్రేతాయుగమున మయూరము, ద్వాపరమున మూషికము స్వామికి వాహనములు. కలియుగమున ధూమ్రకేతునామముతో ఆయన అశ్వారూఢుడై అవతరించునని ఆ పురాణవచనసారము. కాబట్టి ప్రస్తుతయుగధర్మము ననుసరించి చూచినచో అశ్వవాహనసేవయే స్వామికి మిక్కిలి తగినదని చెప్పవచ్చును.

ఆ సేవను దర్శించు పండితులలో అమరకోశము కంఠస్థము కానివారు అరుదు. ద్వితీయకాండమందలి క్షత్రియవర్గమున అశ్వమునకు గల పర్యాయపదములు, కళ్ళెమునకు కవికా, ఖలీన పదములు, గిట్టకు శఫ, ఖుర పదములు, సకిలింపునకు హేషా, హ్రేషా పదములు బాల్యముననే వల్లించినవారే అందరును. ఆ వర్గముననే ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని అయిదు అశ్వగతులు చెప్పబడినవి. వీనికే ధారలని పేరు. అయితే రేచిత మనగా నేమని విద్యార్థి యడిగినచో తఱచుగా లభించు సమాధానము ‘అశ్వగతివిశేషము’ అనునదే. ఈ ‘విశేష’ శబ్దము వ్యాఖ్యానములందు ఎందఱినో ఆదుకొన్నది. వస్తువు కంటికి కనబడనప్పుడు పదమును దాటిపోవుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

ఒకప్పుడు పాఠము చెప్పువానికిని, వినువానికిని గుఱ్ఱము నిత్యదృష్టమైన జంతువు. నేడు అట్లు కాదు. తిరుమల బ్రహ్మోత్సవములలో వాహనసేవలకు ముందు నడచు అశ్వములు, పోలీసుశాఖవారి అశ్వదళములు, ఎన్.సి.సి.లోని రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగపు అశ్వములు, నగరముల చేరువనున్న స్వారీ శిక్షణశాలలు - ఇంతమాత్రమే మిగిలినది. ఈ శిక్షణశాలలలో ప్రథమాభ్యాసమునకు పోదలచినవాడు తెలియవలసిన విషయములును, అమరకోశపంక్తులను బోధించువాడు తెలియవలసిన విషయములును చాలవఱకు ఒక్కటే. గుఱ్ఱము నెక్కకముందే నేలమీద జరుగవలసిన పనియే ఈ విద్యలో అధికభాగమని ప్రాచీనశాస్త్రమును, ఆధునికశిక్షణయు ఏకకంఠముగా పలుకుచున్నవి. విహారస్థలములలో గుఱ్ఱముపై కూర్చుండి, ఒకడు త్రాడు పట్టి నడిపింప, ఛాయాచిత్రము తీయించుకొని దిగుట ఈ విచారణలోనికి రాదు.

భారతీయాశ్వశాస్త్రమునకు ఆద్యుడు శాలిహోత్రుడని సంప్రదాయము. నకులుని పేర నున్న అశ్వశాస్త్రము తంజావూరు సరస్వతీమహల్ గ్రంథాలయమువారిచే 1952లో వర్ణచిత్రములతో ముద్రింపబడినది. జయదత్తుని అశ్వవైద్యకము అంతకుముందే, పందొమ్మిదవ శతాబ్దిలో, కలకత్తానుండి వెలువడినది. తెలుగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము పద్యకృతి. విరాటుని కొలువున నకులుడు అశ్వపాలకుడై ‘దామగ్రంథి’ అను పేర మెలగుట తిక్కన భారతము చదివినవారికి తెలిసినదే. పాండవులలో యుద్ధవిద్యావిశారదు డొకడు గుఱ్ఱపుసాలలో ఏడాదికాలము దాగియుండగలిగె ననుట ఆ విద్యకు గల గౌరవమును తెలుపును. రాయలసీమలో వల్లూరు రాజధానిగా పాలించిన కాయస్థవంశీయుడు గంగయ సాహిణి పేరిలోని ‘సాహిణి’ పదమును అశ్వసేనాధికారమును సూచించునదే.

ఈ గ్రంథములలో అధికభాగము అశ్వలక్షణములకు, సుడులకు, వర్ణములకు, చికిత్సకు కేటాయింపబడినది. తొలిసారి ఎక్కువానికి సుడులతో పని లేదు. అతనికి కావలసినది కౌటిలీయార్థశాస్త్రమున అశ్వాధ్యక్షప్రకరణమందున్న చిన్న విభాగము. అశ్వములను తీక్ష్ణములు, భద్రములు, మందములు అని స్వభావమునుబట్టి మూడు విధములుగా గుర్తించి, తదనుగుణముగా యుద్ధకర్మకు గాని, స్వారికి గాని వినియోగింపవలెనని కౌటిల్యుడు విధించెను. కాంభోజ, సైంధవ, ఆరట్ట, వనాయుజములు ఉత్తమజాతులని ఆయన చెప్పినను, జాతి ఉత్తమమైనంతమాత్రమున తొలివానికి తగినదని కాదు. ప్రథమాభ్యాసమునకు మందము గాని, భద్రము గాని కావలెను. తీక్ష్ణము ఎంత సుందరమైనను కూడదు. వయస్సు మీఱి, వందలమంది తొలివారిని మోసిన గుఱ్ఱము కంటికి ఆనకపోవచ్చును. తొలివాడు చేయు తప్పులను సహించునది అదియే. ఆరోహకుని బరువు జీనుతో కలిపి గుఱ్ఱపు బరువులో ఐదవవంతు మించరాదని నేటి శిక్షకులు సామాన్యముగా పాటించు నియమము. 400 కిలోల గుఱ్ఱమునకు 80 కిలోలు హద్దన్నమాట. స్థూలకాయులకు ఇది అప్రియమైనను, గుఱ్ఱపు వెన్నెముకకు ఆవశ్యకము.

గుఱ్ఱమును ఎన్నుకొనువాడు శిక్షకుడే కాబట్టి అతనికి నిజము చెప్పుట మొదటి కర్తవ్యము. ‘కొంచెము తెలియును’ అన్న మాట ఈ విషయమున అపాయకరము. ఉత్తరకుమారుని ప్రగల్భములు అంతఃపురమున వినుటకు బాగుగానే యున్నవి. కౌరవసేన కంటబడిన తరువాత వాని గతి ఏమైనదో అందఱికి తెలియును. పూర్వము ఎన్నడును ఎక్కలేదని, నడుమునొప్పి యున్నదని, భయము కలదని స్పష్టముగా చెప్పినవానికి తగిన గుఱ్ఱమును, తగినంత ఓర్పును లభించును. అశ్వశాలలలో గాయమైనచో ధనుర్వాతభయము కలదు కావున ఆ టీకా ఎప్పుడు వేయించుకొన్నదియు ముందే చూచుకొనుట మంచిది.

వేషము విషయమున ఆరణ్యపర్వమందలి నలోపాఖ్యానము స్మరింపదగినది. బాహుకరూపమున నున్న నలుడు రథము తోలుచుండగా ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడెను. రథమాపుమని రాజు కోరునప్పటికే అది యోజనదూరము వెనుకబడిపోయెను. అక్కడ అది నలుని అశ్వహృదయవిద్యకు నిదర్శనము. స్వారి నేర్వబోవువాడు అదే కథనుండి వేఱొక పాఠము గ్రహింపవచ్చును. ఉత్తరీయము, చీరచెఱగు, చున్నీ, జోలెసంచి వంటివి గాలికి రెపరెపలాడిన గుఱ్ఱము బెదరును; జీనుకు తగుల్కొనిన మనిషి ప్రమాదమున పడును. పంచెకట్టు సర్వథా వర్జ్యము. చీలమండలవఱకు ఉండి, తొడలవద్ద సాగునట్టి లాగు కావలెను. లోపలివైపు లావుపాటి కుట్టు ఉన్నచో అరగంటలో తొడ ఒరసికొనిపోవును. పాదరక్షకు చిన్న మడమ అవసరము. అరిసె వలె చదునుగా నున్న చెప్పు అంకవన్నెలోనుండి ముందుకు దూసికొనిపోయి, మనిషి పడినను పాదము చిక్కుకొని పోవును. శిరస్త్రాణము లేనిదే ఎక్కరాదు. అదియు మోటారుసైకిలుది కాక, స్వారికై చేయబడినది, గడ్డముక్రింద పట్టీ బిగించునది కావలెను. ఉంగరములు, వ్రేలాడు కుండలములు ఇంటనే విడిచి పోవలెను.

దేహసిద్ధిని గూర్చి ఈ దేశమునకు సంబంధించిన ఒక సాక్ష్యము ప్రసిద్ధమైనది. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల నిత్యకృత్యమును వర్ణించెను. రాయలు తెల్లవాఱకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, మట్టితో చేసిన బరువులనెత్తి, కత్తిసాము చేసి, ఆ నూనె చెమటగా వెలువడువఱకు శ్రమించి, మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, ఆపిమ్మటనే గుఱ్ఱమెక్కి మైదానమున ఇటునటు దౌడు తీయించెడివాడట. ఈ క్రమము గమనింపదగినది. నిపుణుడైన చక్రవర్తి కూడ దేహమును సిద్ధపఱచుకొనిన తరువాతనే గుఱ్ఱము నెక్కెను. నువ్వులనూనె త్రాగుమని నేటివారికి ఎవరును చెప్పరు గాని, స్వారికి పదిహేనురోజుల ముందునుండి తొడల లోపలి కండరములకు, పిక్కలకు, నడుమునకు సాగుదల కలిగించు వ్యాయామము చేయువాడు మరునాడు మెట్లు దిగగలడు. చేయనివాడు గోడపట్టుకొని దిగును. కుర్చీలో కూర్చుండి పాఠము చెప్పు జీవితమున ఎన్నడును పనిచేయని కండరములు కొన్ని మనిషిలో ఉన్నవని మొదటి స్వారియే తెలియజేయును. రాయలవారి వేళ కూడ అనుసరణీయమే. చిత్తూరు, తిరుపతి ప్రాంతముల వేసవిలో సూర్యుడు పైకి రాకముందే అభ్యాసము ముగించుట మనిషికిని, గుఱ్ఱమునకును మేలు.

ఇక అశ్వపరిచయము. ఇది ఈ విద్యకు ప్రాణము. గుఱ్ఱము ఇతరజంతువులకు ఆహారమైన ప్రాణి. దాని బలమంతయు పలాయనమునందున్నది. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది ఇంచుమించు తన చుట్టును చూడగలదు గాని, సరిగా వెనుక నున్నదియు, నుదుటికి మిక్కిలి చేరువగా ఎదుట నున్నదియు దానికి కానరావు. కనబడనిచోట కదలిక కలిగినచో దానికి తోచు అర్థ మొక్కటే - శత్రువు. కావున వెనుకనుండి పోరాదు. సూటిగా ముఖమునకు చేయి చాపరాదు. మెల్లగా మాటలాడుచు ఎడమ భుజమువైపు చేరి, మెడను, మూపును నిమురవలెను. వెనుకకు పోవలసివచ్చినచో చాలదూరముగా నైనను పోవలెను, లేదా చేయి దాని దేహముపై నుంచి తన ఉనికి తెలుపుచు అంటిపెట్టుకొని యైనను పోవలెను. నడిమి దూరమే తాపు తగులు దూరము.

చెవులు గుఱ్ఱపు మనస్సునకు ధ్వజములు. ముందుకు నిక్కిన చెవులు కుతూహలమును, ఇరుప్రక్కలకు వాలినవి విశ్రాంతిని, మెడకు అంటునట్లు వెనుకకు నొక్కినవి కోపమును తెలుపును. తోక విసరుట ఈగలకై కావచ్చును, చికాకుచేతనూ కావచ్చును; చెవులతో కలిపి చదివిననే అర్థము నిర్ణయమగును. అన్వయము లేని పదము వలెనే ఒక్క లక్షణము చూచి తీర్మానింపరాదు. బెల్లపుముక్క గాని, క్యారెట్టు గాని పెట్టదలచిన శిక్షకుని అనుమతితో అరచేతిని పూర్తిగా చాపి, దానిపై నుంచి అందింపవలెను. వ్రేళ్ళు ముడిచినచో అవి కూడ ఆహారమే యని గుఱ్ఱము భ్రమపడును.

మొదటిరోజున వీలైనచో అశ్వపాలకునితో కూడి మాలీసు చేయుట ఉత్తమము. కౌటిల్యుడు అశ్వములకు దినమునకు రెండుమార్లు స్నానమును, గంధమాల్యములను విధించెను. వాని శాలను నునుపైన పలకలతో పరచి, కోతులను, నెమళ్ళను, ముంగిసలను, చిలుకలను అందు ఉంచుమనెను. నిప్పు, విషము, పాములనుండి కాపాడుటకై యని దీనికి ఉపపత్తి చెప్పవచ్చును. స్వారికి ముందు చేయు మాలీసువలన జీను క్రింద ముల్లు గాని, ఇసుక గాని లేకుండ తొలగును. పుండు, వాపు ఉన్నచో బయటపడును. అన్నిటికంటె ముఖ్యముగా ఆ పావుగంటలో గుఱ్ఱము మనిషి వాసనకును, మనిషి గుఱ్ఱపు ఊపిరికిని అలవాటుపడుదురు.

ఉపకరణముల పేళ్ళలో తెలుగుదేశచరిత్ర కొంత దాగియున్నది. జీను, రికాబు, లగాము, సవారి పారసీకసంపర్కమున వచ్చినవి. కళ్ళెము, వాగె, అంకవన్నె అంతకుముందే తెలుగున నిలిచినవి. రికాబునకు అంకవన్నె యను చక్కని పదముండగా దానిని నిఘంటువునకే పరిమితము చేసికొంటిమి. అయినను గుఱ్ఱములు పోయిన తరువాత కూడ భాషలో కొన్ని మిగిలినవి: నోటికి కళ్ళెము వేయుట, పగ్గములు వదలుట, కదము త్రొక్కుట.

జీనును కడుపుక్రిందుగా బిగించు పట్టెను ఎక్కకముందు శిక్షకునిచే చూపించుకొనవలెను. గుఱ్ఱములు కొన్ని బిగించునప్పుడు పొట్ట ఉబ్బించి, తరువాత వదలును. కావున ఎక్కి కొంత నడచినపిమ్మట మరల చూడవలెను. వదులైన పట్టెతో జీను ప్రక్కకు జారుట తొలివాని పతనమునకు సామాన్యకారణములలో నొకటి. అంకవన్నెల పొడవునకు సులభమైన కొలత కలదు: వ్రేళ్ళకొనలను జీనుపై నుంచి, అంకవన్నెను చేతిక్రిందుగా చాపినచో అది చంకను అందవలెను. ఎక్కినతరువాత శిక్షకుడు సరిచేయును. ఖలీనము గుఱ్ఱపు నోట ముందుపళ్ళకును, దౌడపళ్ళకును నడుమ పళ్ళులేని చోట, మెత్తని చిగుళ్ళపై నిలుచును. ఈ ఒక్క విషయము తెలిసినవాడు వాగెలను పట్టుకొని వ్రేలాడడు. వాగె సంకేతము నందించు సాధనము. ఆరోహకుడు పడిపోకుండ పట్టుకొను ఊతకఱ్ఱ కాదు. ఊత కావలసినప్పుడు జూలు పట్టుకొనవచ్చును. అందు సిగ్గు లేదు, గుఱ్ఱమునకు బాధయు లేదు.

ఎడమవైపునుండి ఎక్కుట ఆచారము. ఎడమమొలను కత్తి వ్రేలాడు కాలమున అది సౌకర్యము. నేడు గుఱ్ఱములు అట్లే శిక్షితములైనవి. నేలనుండి కంటె ఎత్తైన దిమ్మెనుండి ఎక్కుట గుఱ్ఱపు వీపునకు మంచిది. ఎక్కి, ధడాలున కూలబడక, మెల్లగా కూర్చుండవలెను. చెవి, భుజము, తుంటి, మడమ ఒకే నిలువుగీతపై నుండవలెను. పాదపు ముందుభాగము అంకవన్నెపై నానియుండగా మడమ క్రిందికి వాలవలెను. చూపు గుఱ్ఱపు మెడపై కాక, పోవలసిన దిక్కున నుండవలెను. భయపడినవాడు సహజముగా ముందుకు వంగి, మోకాళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టును. ఈ మూడును గుఱ్ఱమునకు వేగసంకేతములో, భయసంకేతములో అగును. గట్టిగా ఊపిరి విడుచుట చాలసార్లు వాగెకంటె బాగుగా పనిచేయును. మొదటి పాఠములలో శిక్షకుడు నడుమ నిలిచి, పొడవైన త్రాటితో గుఱ్ఱమును చుట్టును నడిపించును; ఆరోహకునికి కూర్చుండుటయే పని.

ఈ వలయమున తిరుగునప్పుడే ధారలకు అర్థము తెలియ మొదలిడును. సామాన్యపు నడకలో నాలుగు గిట్టలు వేఱువేఱుగా నేలను తాకి నాలుగు చప్పుళ్ళు వినబడును. హేమచంద్రుడు అభిధానచింతామణిలో ఇచ్చిన లక్షణములతో పోల్చినచో ఈ నడక అయిదు ధారలలో చేరినట్లు తోపదు, ధారలు శిక్షితగతులు. తరువాతిది రెండు చప్పుళ్ళ పరుగు. ముందటి కుడికాలును, వెనుకటి ఎడమకాలును ఒకటిగా పడి, పిదప మిగిలిన రెండును పడును. హేమచంద్రుడు ధౌరితకమును ముంగిస, కంకపక్షి, నెమలి, పంది గతులతో పోల్చెను. నాలుగు కాళ్ళ గుఱ్ఱమునకు రెండు కాళ్ళ నెమలితో పోలిక ఎట్లు కుదురునని పాఠకునికి సందేహము కలుగుట సహజము. ఈ పరుగుపై అయిదు నిమిషములు ఎగిరెగిరి పడినవానికి ఆ సందేహ ముండదు. కోణాకోణి జంటలుగా పడుటచే నాలుగు కాళ్ళును రెండు కాళ్ళ లయనే పలుకును. తొలివానిని అధికముగా కుదుపునదియు ఇదియే. ఒక చప్పుడునకు లేచి, మరియొక చప్పుడునకు కూర్చుండుట నేర్చినచో కుదుపు తగ్గును. కౌటిల్యుడు స్వారిగుఱ్ఱపు గతులలో చెప్పిన ధోరణము ఈ ధౌరితకమునకు పర్యాయమేయని హేమచంద్రుని పాఠమువలన తెలియుచున్నది. మూడు చప్పుళ్ళ దౌడు మొదటి దినమున తలపెట్టదగినది కాదు.

వల్గితమును తొలివాడు తన గుఱ్ఱముపై చూడజాలడు. అది మిక్కిలి శిక్షితమైన అశ్వమునకే సాధ్యము. ముందరిదేహము పైకి లేచి, ముఖము లోనికి వంగి, వెనుక త్రికభాగము క్రుంగుట దాని లక్షణమని హేమచంద్రుడు చెప్పెను. ఈ మూడును దక్షిణదేశాలయముల అశ్వవాహనములందు సామాన్యముగా కనబడునవే: ముంగాళ్ళు రెండును గాలిలో, మోర ఱొమ్మువైపు, భారమంతయు వెనుకకాళ్ళపై. శిల్పి నిఘంటువు చూచి చెక్కెనని కాదు. నిఘంటుకారుడును, శిల్పియు ఒకే గుఱ్ఱమును చూచిరని చెప్పుట న్యాయము. కాణిపాకపు వీధిలో వాహనసేవ సాగునప్పుడు వల్గితపదమును విద్యార్థికి వ్రేలితో చూపి చెప్పుటకు అవకాశము కలదు. అయితే ఆ భంగిమ చూచి స్వారి యనగా వాగె లాగి గుఱ్ఱమును పైకి లేపుట యని తొలివాడు భావింపరాదు. శిక్షణ లేని గుఱ్ఱము అట్లు లేచుట వల్గితము కాదు, తిరుగుబాటు. అప్పుడు వాగె వదలి ముందుకు వంగవలెను.

దిగునప్పుడు రెండు పాదములను అంకవన్నెలనుండి తీసిన తరువాతనే దిగవలెను. ఒక పాద మందులో నుండగా గుఱ్ఱము కదలినచో ఈడ్చుకొనిపోవును. మొదటి పాఠము అరగంట చాలును. కౌటిల్యుడు శిక్షితమైన స్వారిగుఱ్ఱమునకే తరతమభేదముచే అయిదు, ఏడున్నర, పది యోజనములని దినపుహద్దు నిర్ణయించెను. అలవాటు లేని మనుష్యునికి హద్దు అంతకంటె ఎంతో ముందుగనే వచ్చును. దిగినవాడు గుఱ్ఱమును అక్కడనే విడిచి పోరాదు. జీనుపట్టె వదులుచేసి, చెమట ఆఱువఱకు చేతితో పట్టుకొని మెల్లగా నడిపించి, నీరు చూపి, జీను మోపిన చోట వీపు తడిమి చూచి, సాలకు చేర్చి అశ్వపాలకునికి అప్పగించిన తరువాతనే ఆ దినపు పాఠము ముగిసినట్లు.